తొమ్మిది బండ్లు చూసి కొన్న పాత స్విఫ్ట్: నా అనుభవం

విజయనగరంలో నేను చూసిన మొదటి బండి తళతళలాడుతోంది. తెల్ల రంగు, కొత్త సీటు కవర్లు, టైర్లకు నల్లటి పాలిష్, లోపల మల్లెపూల సెంటు వాసన. మీటర్ 64,000 కిలోమీటర్లు చూపిస్తోంది. నాతో వచ్చిన మెకానిక్ మేస్త్రి గారు బానెట్ కూడా ఎత్తమనలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని సీటు బెల్టు పట్టుకుని ఆఖరి వరకూ లాగారు. మనం రోజూ పెట్టుకునే మేర బెల్టు నల్లగా, శుభ్రంగా ఉంది. ఎప్పుడూ బయటకు రాని చివరి జానెడు మేర మాత్రం ఎండిపోయిన బురద చార, దాని పైన గీత గీసినట్టు నీటి మరక. ఆయన చెయ్యి వదిలేశారు, బెల్టు సర్రున లోపలికి చుట్టుకుపోయింది. "ఇది నీళ్లలో ములిగిన బండి బాబూ, పద" అన్నారు, అంతే.

సీటు కవర్లు మార్చొచ్చు, కార్పెట్ కడిగించొచ్చు, సెంటు కొట్టొచ్చు. బెల్టును చివరిదాకా లాగి కడగాలని ఎవరికీ తోచదు. మునిగిన బండి ఆ రోజుకి బాగానే నడుస్తుంది. ఆరు నెలల తర్వాత కార్పెట్ కింద వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా చిలుం పట్టడం మొదలవుతుంది. ఒకరోజు పవర్ విండో పనిచేయదు, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, మరోరోజు వానలో నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లినా తలో కారణం చెప్తాడు. రెండు నిమిషాల్లో ఆ బండి నుంచి నన్ను తప్పించినందుకు మేస్త్రి గారికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మాది నరసన్నపేట వైపు. ఉద్యోగం శ్రీకాకుళంలో. రోజూ రానూపోనూ 50 కిలోమీటర్ల దాకా, వారానికోసారి విజయనగరం అత్తారింటికి, అంటే నెలకి 1,500 నుంచి 1,800 కిలోమీటర్లు తిరగాలి. కార్ల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. హైవే పక్కన నిలబడి చప్పుడు బట్టి ఇది అంబాసిడర్, ఇది మారుతి 800 అని ముందే చెప్పేవాణ్ణి. ఇంట్లో కారు ఎప్పుడూ లేదు. నలభై దాటాక మొదటిసారి సొంత బండి కొనుక్కోబోతున్నానంటే అది నాకు చిన్న విషయం కాదు, అందుకే ఆ రెండు నెలలు ఏం చూశానో, ఎందుకు ఒద్దనుకున్నానో, ఎంత ఖర్చు పెట్టానో అంతా ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గర 3,50,000 ఉన్నాయి. ఇంట్లో అందరూ కొత్త బండి తీసుకోమన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు అని మా బావమరిది పోరాడాడు. "బావా, ఆ డబ్బు డౌన్ పేమెంట్ కట్టు, మిగతాది ఏడేళ్ల ఈఎంఐ" అన్నాడు. ఏడేళ్లు! బండి విలువ ఏటేటా పడిపోతూ ఉంటుంది, మనం వడ్డీతో సహా కడుతూనే ఉంటాం. అప్పు లేకుండా కొన్న పాత బండి, అప్పుతో కొన్న కొత్త బండి కంటే నిద్ర పట్టనిస్తుందని నా గట్టి నమ్మకం. అయితే జీఎస్టీ తగ్గడం నాకు ఇంకోరకంగా పనికొచ్చింది. కొత్తవాటి ధర తగ్గితే పాతవాటి ధర కూడా దిగాలి, బేరంలో ఆ మాట ప్రతిచోటా వాడాను.

ఆ 3,50,000 మొత్తాన్నీ బండి మీద పెట్టకూడదని ముందే అనుకున్నాం. బండికి 2,75,000 దాటకూడదు, మిగిలిన 75,000 మొదటి నెల పనులకి. పాత కారు కొనేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఉన్నదంతా ఓనరు చేతిలో పోసేసి, ఆ తర్వాత టైర్లకి, ఇన్సూరెన్స్‌కి చేబదులు వెతుక్కుంటారు. చేతిలో డబ్బు లేక ఆయిల్ మార్చడం వాయిదా, చక్రాల దగ్గరి రబ్బరు బుష్‌లు వాయిదా, చివరికి "పాత బండి కొంటే ఇంతే" అని దాని మీద నింద.

ఏ బండి కావాలో నాకు ముందే తెలుసు. మారుతి స్విఫ్ట్ డీజిల్, రెండో తరం, అంటే 2011 తర్వాతది. దాని 1248 సీసీ ఇంజిన్ అసలు ఫియట్ వాళ్లది, మారుతి లైసెన్స్ తీసుకుని ఇక్కడే తయారుచేసింది. 2007లో స్విఫ్ట్‌లో మొదలై డిజైర్, రిట్జ్, ఎర్టిగా వరకూ, బయట టాటా విస్టా, ఫియట్ పుంటో వరకూ మన రోడ్ల మీద ఎక్కడ చూసినా అదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ ఆపేసింది, దాంతో ఆ ఇంజిన్ కథ కూడా ముగిసింది. 75 హార్స్ పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. 2,000 ఆర్పీఎం లోపు బద్ధకంగా ఉంటుంది, దాటగానే వెనకనుంచి ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టు ఉంటుంది. ఆ తోపు నాకు ప్రాణం. దీనికి టైమింగ్ బెల్టు బదులు చైన్ ఉంటుంది, ఆయిల్ వేళకి మారిస్తే చైన్ చాలాకాలం వస్తుంది, మార్చకపోతే సాగి గలగలమంటుంది. ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట వరకూ ఏ షెడ్డులో అడిగినా ఈ ఇంజిన్ విప్పి బిగించినవాడు ఒకడైనా ఉంటాడు. పాత బండికి నేను చూసే మొదటి గుణం అదే. మన ఊరి మెకానిక్‌కి చేతికి అలవాటైన ఇంజినా కాదా?

"డీజిల్‌కి పదేళ్లే కదా, పాత డీజిల్ ఎందుకు" అని కనీసం పదిమంది అడిగారు. అది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతం కోసం వచ్చిన ఉత్తర్వు. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇది తెలియక మంచి బండ్లను జనం వదులుకుంటున్నారు, కొంతమంది బ్రోకర్లు ఇదే భయం చూపించి అమ్మేవాళ్ల దగ్గర కారుచౌకగా కొట్టేస్తున్నారు.

మేస్త్రి గారి గురించి చెప్పాలి. ఆయనది సాలూరు. సాలూరంటే లారీలు. ఘాట్ ఎక్కి ఒడిశా వైపు, అటు నుంచి రాయ్‌పూర్ వైపు సరుకు తోలే లారీలు, వాటి బాడీలు కట్టే షెడ్లు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ మా అందరికీ విజయనగరం సాలూరే. ఆయన పన్నెండో ఏట అక్కడ లారీ కింద దూరి పని నేర్చుకున్నారు, తర్వాత శ్రీకాకుళం వచ్చి కార్ల షెడ్డు పెట్టుకున్నారు. ఒక్కో బండి చూడటానికి వచ్చినందుకు రోజు కూలీ ఇచ్చాను, ఆయన అడక్కపోయినా. మెకానిక్‌ని ఊరికే తీసుకెళ్లకూడదు. వేలు పెట్టి కొంటున్నప్పుడు ఆయన అరపూట ఖరీదు ఎంతని?

రెండో బండి శ్రీకాకుళంలోనే. మీటర్ 71,000. బ్రేక్ పెడల్ రబ్బరు చూస్తే గీతలన్నీ అరిగి నున్నగా బోడి గుండులా ఉంది, స్టీరింగ్ మీద తోలు మెరుస్తోంది, డ్రైవర్ సీటు కుడివైపు అంచు కుంగిపోయింది. ఇంత అరగాలంటే 71,000 సరిపోదు. ఓనరు ఫోన్ నుంచే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చేయించి నంబరు చెప్పి అడిగితే, మూడేళ్ల క్రితం సర్వీసుకు వచ్చినప్పుడే 1,26,000 నమోదై ఉందని చెప్పారు. ఆ ఓనరు ముఖం చూస్తే ఆయనకే తెలియదనిపించింది. ఆయన కూడా ఆ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడే. చాలా బాధేసింది. ఎవరో ఎక్కడో మీటర్ వెనక్కి తిప్పాడు, ఈయన ఆ అబద్ధానికి డబ్బు కట్టాడు, ఇప్పుడు తనకి తెలియకుండానే మాకు అంటగట్టబోయాడు. మీరు పాత కారు చూడ్డానికి వెళ్తే ఏం మరిచిపోయినా ఈ ఒక్క ఫోన్ మాత్రం చేయించండి.

మూడోది విశాఖలో సముద్రం ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో పదేళ్లు నిలబడిన బండి. తిరిగింది 48,000 కిలోమీటర్లే, అదీ నిజమే. నాకు ఆశ పుట్టింది. మేస్త్రి గారు కింద గోనెపట్టా పరుచుకుని దూరారు, స్క్రూడ్రైవర్‌తో అడుగున ఒకచోట పొడిచారు. రేకు పెచ్చులు పెచ్చులుగా ఆయన ఛాతీ మీద రాలింది. ఉప్పు గాలి. కళింగపట్నంలో మా చుట్టాలింట్లో కిటికీ చువ్వలు మూడేళ్లకోసారి మారుస్తారు, అదే గాలి కారుని వదులుతుందా? తక్కువ తిరిగిన బండంటే అందరూ ఎగబడతారు గానీ, తీరంలో కదలకుండా నిలబడ్డ బండి కంటే రోజూ హైవే మీద తిరిగిన లక్ష కిలోమీటర్ల బండే నయం. హైవే మీద ఇంజిన్ వేడెక్కి సాఫీగా నడుస్తుంది, క్లచ్ మీద కాలు పడదు, గేర్లు మారవు. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగిన 50,000 ఆ లక్షతో సమానం.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. ఒకదానికి ముందు భాగమంతా ఎప్పుడో గుద్దుకుని మళ్లీ కట్టింది, బానెట్ బోల్టుల మీద స్పానర్ గాట్లు, రంగు లేచిపోయి ఉంది. ఒకదానికి క్లచ్ పోయింది. ఒకటి బరంపురం వైపునుంచి వచ్చిన ఒడిశా నంబరు బండి, ధర తక్కువే కానీ అక్కడి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ లెక్క వేస్తే తక్కువ ధర కాస్తా పోయింది. ఇంకొకటి బాగుంది కానీ బ్యాంకు ఫైనాన్స్ తీరలేదు, "మీరు డబ్బివ్వండి, కట్టేసి ఎన్ఓసీ తెస్తాం" అన్నారు. బ్యాంకు కాగితం చేతికి రాకుండా రూపాయి ఇవ్వొద్దు, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

ఎనిమిది బండ్లు చూసేసరికి నాకు విసుగొచ్చింది. రాత్రి పడుకుంటే కూడా పెచ్చులు రాలే రేకే కళ్ల ముందు. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం అయిన రెండో వారంలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, కోట అవతల ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, కళ్లు మసకలొచ్చి డ్రైవింగ్ మానేశారట. బ్రోకర్‌కి చెప్పలేదు, నువ్వు రేపే రా."

మాస్టారికి ముందే ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వేడి ఇంజిన్ చాలా జబ్బులు దాస్తుంది. ఉదయం ఆరున్నరకి వెళ్లాం. ఏపీ 35 నంబరు, 2014 మోడల్, వీడీఐ, బూడిద రంగు. కుడి తలుపు మీద చిన్న సొట్ట, వెనక బంపర్ మీద గీతలు, రంగు చాలాచోట్ల వెలిసింది. నా మనసు కొంచెం చిన్నబుచ్చుకుంది. మేస్త్రి గారి కళ్లలో మాత్రం వెలుగొచ్చింది. "రంగు ఎయ్యనేదు. ఎలగున్నదో అలగే అమ్ముతన్నారు. ఇదీ బండంటే" అని నా చెవిలో అన్నారు.

ఆ గంటన్నర ఆయన చేసింది నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నారు. ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు వేలితో తుడిచారు, నల్లగా ఉంది, తెల్లటి మీగడలాంటిది లేదు. ఆ మీగడ ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని, హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. కూలెంట్ డబ్బాలో ఆయిల్ తెట్టు లేదు. తర్వాత నన్ను తాళం తిప్పమన్నారు. హీటర్ లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాను, ఒక్కదానికే పట్టుకుంది. మొదటి రెండు సెకన్లు ఆయన చెవి టైమింగ్ చైన్ వైపే ఉంది. ఆ తర్వాత నడుస్తున్న ఇంజిన్ మీదే ఆయిల్ మూత తీసి బోర్లా పెట్టారు. అది అక్కడే చిన్నగా వణికింది, ఎగిరిపడలేదు, పొగ బుసబుసమని రాలేదు. పిస్టన్ రింగులు బాగున్నాయన్నమాట. సైలెన్సర్ దగ్గర తెల్ల రుమాలు పట్టుకుని యాక్సిలరేటర్ తొక్కమన్నారు, కొద్దిగా నల్లటి మసి, పాత డీజిల్‌కి అది మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, అది లేదు. ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో గొట్టం వదులు చేసి లోపల వేలు పెడితే పలచగా ఆయిల్ చెమ్మ, కారేంత కాదు. డిక్కీలో స్టెప్నీ తీసి కింది రేకు చూశారు, కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు వరసగా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

క్లచ్ పరీక్ష నాకు బాగా నచ్చింది. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో వేసి, మెల్లగా క్లచ్ వదిలారు. ఇంజిన్ టక్కున ఆగిపోయింది. ఆగకుండా నడుస్తూ ఉంటే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు. దీన్ని పదేపదే చేయకూడదు, ఒక్కసారి చాలు.

గజపతినగరం రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపాను. ఐదో గేరులో 80లో వెళ్తుంటే ముందు ఎడమవైపు నుంచి హూ అని సన్నటి రొద, గుంటలో పడితే కటకట. "బేరింగు, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు" అని మేస్త్రి గారు వెనక సీట్లోంచి లెక్క చెప్పారు. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర చూశాం, 2318, అంటే 2018లో 23వ వారంలో తయారైనవి. గీతలు చాలా మిగిలున్నాయి కానీ రబ్బరు బిరుసెక్కి అంచుల్లో సన్నటి పగుళ్లు. అరగకపోయినా అవి మార్చాల్సినవే.

తిరిగొచ్చేసరికి మాస్టారు ఒక పొడుగాటి నోటు పుస్తకం బల్ల మీద పెట్టి కూర్చున్నారు. 2014లో బండి ఇంటికొచ్చిన రోజు నుంచి పోసిన ప్రతి లీటరు డీజిల్, ప్రతి సర్వీసు, ప్రతి పంక్చర్, గుండ్రటి అక్షరాలతో, పక్కన మీటర్ రీడింగ్‌తో సహా. ఆఖరి వరస 1,17,400. మైలేజ్ ఆయనే లెక్కగట్టారు, 19 నుంచి 21 మధ్య. నాకు నోట మాట రాలేదు. ఆ పుస్తకం చూశాక ఇంకే మెకానిక్ సర్టిఫికెట్టూ అక్కర్లేదనిపించింది, అయినా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయించాను, రెండూ సరిపోయాయి.

ఆయన 3,10,000 అడిగారు. నేను టైర్లు, బేరింగు, బ్యాటరీ, బుష్‌లు ఒక కాగితం మీద రాసి చూపించాను, కొత్త కార్ల ధరల సంగతీ చెప్పాను. ఆయన ఆ కాగితం అద్దాలు పెట్టుకుని చదివి "ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు బాబూ" అన్నారు. 2,72,000 దగ్గర తెగింది. బండి తప్పులు ఓనరు ముందు మర్యాదగా, లెక్కతో సహా పెడితే బేరం దానంతటదే అవుతుంది. "ఇదేం డొక్కు బండి" అని ఈసడిస్తే పదకొండేళ్లు దాన్ని బిడ్డలా చూసుకున్న మనిషికి మనసు విరుగుతుంది.

కాగితాల పని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. బండి పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చలానాలు బాకీ లేవని చూసుకోవడం, ఆన్‌లైన్‌లో అప్లికేషన్. బండి మీద లోన్ ఎప్పుడో తీరింది కానీ ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది. మాస్టారు ఎన్ఓసీ తెచ్చుకున్నారు గానీ ఫారం 35తో ఆ పేరు తీయించలేదు. చాలామంది చేసే పొరపాటే. దాని కోసం రెండు వారాలు ఆలస్యమైంది, నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఆర్సీ నా పేరు మీదకి మారేదాకా ఆ బండితో ఏం జరిగినా కేసు మాస్టారి మెడకి చుట్టుకుంటుంది. అందుకే ఆ రెండు వారాలు బండి ఆయన షెడ్డులోనే ఉంచాను. డబ్బిచ్చిన రోజే బండి తోలుకుపోయి ట్రాన్స్‌ఫర్ సంగతి మరిచిపోయేవాళ్లు ఉన్నారు. అమ్మినవాడికి అంతకంటే అన్యాయం ఉండదు.

ఇన్సూరెన్స్ దగ్గర నాకు తెలియని సంగతి ఒకటి తగిలింది. పాలసీ 14 రోజుల్లో నా పేరుకి మార్పించుకోవాలని తెలుసు. మాస్టారికి ఒక్క క్లెయిమ్ కూడా లేనందుకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, ఉంది, అది బండితో పాటు నాకు వస్తుందనుకున్నాను. రాదు. అది మనిషిది, బండిది కాదు. ఆయన మళ్లీ కారు కొంటే వాడుకోవచ్చు, నేను సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఫాస్టాగ్ కూడా అంతే. మాస్టారి పేరు మీదున్నది మూయించి నాది కొత్తది తీసుకున్నాను. లేకపోతే మడపాం టోల్ దగ్గర నేను దాటిన ప్రతిసారీ విజయనగరంలో ఆయన ఖాతాలోంచి డబ్బు పోతూ ఉండేది.

అరసవల్లిలో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నేరుగా మేస్త్రి గారి షెడ్డుకే తీసుకెళ్లాను. మా ఆవిడకి ముందు సీటు కవర్లు, పాటల సిస్టమ్ వేయించాలని ఉంది. నేను ఒప్పుకోలేదు. నాలుగు టైర్లకి 17,600. బేరింగు, బుష్‌లు, లింక్ రాడ్లకి 9,800. ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మొత్తం 8,700. బ్యాటరీ 5,400, ఏసీ గ్యాస్, ఒక పైపు 3,200. ఇన్సూరెన్స్ 8,900, ట్రాన్స్‌ఫర్, ఫాస్టాగ్ కలిపి 4,500. మొత్తం 58,100. పక్కన పెట్టిన డబ్బులోంచి, బండి ధరలో మిగిలిన 3,000తో కలిపి, ఇంకా 19,900 మిగిలాయి, అవి ఇప్పటికీ బండి పేరు మీదే ఉంచాను.

బ్రేక్ ఆయిల్ గురించి ఎవరూ పట్టించుకోరు. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, నీరు చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, ఘాట్ దిగేటప్పుడు పదేపదే బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. మనం అరకు, సాలూరు ఘాట్లు ఎక్కి దిగేవాళ్లం. రెండేళ్లకోసారి మార్చడానికి అయ్యే ఖర్చు ఒక సినిమాకి కుటుంబమంతా వెళ్లిన ఖర్చు పాటిది. నా బండిలోంచి తీసింది టీ డికాక్షన్ రంగులో ఉంది.

షెడ్డులో ఉన్నప్పుడే ఇంకొకాయన వచ్చి ఇంజిన్ ఫ్లష్ చేయించమని, అడుగున కోటింగ్ కొట్టించమని, హెడ్‌లైట్లు తెల్ల ఎల్ఈడీలకి మార్చమని చెప్పాడు. ఫ్లష్ ఒద్దు, వేళకి ఆయిల్ మారిస్తే చాలు. కోటింగ్ మంచిదే కానీ తుప్పు గీకకుండా పైన కొడితే లోపల కనపడకుండా తినేస్తుంది. ఆ తెల్ల లైట్ల మీద నాకు నిజంగా కోపం. రాత్రి రణస్థలం దగ్గర ఎదురుగా వచ్చే బండి కళ్లలో కొడితే రెండు క్షణాలు రోడ్డే కనిపించదు, ఆ రెండు క్షణాల్లో సైకిల్ మీద ఎవరు వెళ్తున్నారో ఎవరికి తెలుసు?

నాకు తగిలిన దెబ్బ ఒక్కటే, అదీ ఇంటి దగ్గరే. ధాన్యం ఇంటికొచ్చిన రోజుల్లో బండి గాదె పక్కన పెట్టాను. వారం తిరక్కుండా ఏసీ ఆగిపోయింది. బానెట్ ఎత్తితే వైరు కొరికేసి ఉంది, బ్యాటరీ వెనక వరిగడ్డితో చిన్న గూడు. 1,400 పోయాయి. మా నాన్న పొగాకు కాడలు గుడ్డలో మూటకట్టి బానెట్ లోపల పెట్టమన్నారు, వేడి తగలని చోట పెట్టాను, బండి చోటు కూడా మార్చాను. మళ్లీ ఎలుక జాడ లేదు.

నడిపే తీరులో మార్చుకున్నది ఒకటుంది. హైవే మీద నుంచి వచ్చి ఇంటి ముందు ఆపగానే తాళం తిప్పెయ్యను, అర నిమిషం ఊరికే నడవనిస్తాను. టర్బో అప్పటికి బాగా వేడెక్కి ఉంటుంది, ఇంజిన్ ఆగితే దానికి ఆయిల్ అందడం కూడా ఆగుతుంది. మా పాపకి ఇది అలవాటైపోయింది, ఆ అర నిమిషం తను లెక్కపెడుతుంది.

ఆ నోటు పుస్తకం మాస్టారు నాకే ఇచ్చేశారు. ఆయన ఆఖరి వరస కింద ఖాళీ వదలకుండా నా మొదటి వరస రాశాను. ఇప్పుడు ఐదో నెల, 1,24,800 నడుస్తోంది, మైలేజ్ 20 దగ్గర ఆడుతోంది. పోయిన శనివారం ఆయనకి ఫోన్ చేసి ఆ అంకె చెప్పాను. చాలా సంతోషించారు. చైన్ చప్పుడు ఏమైనా వస్తోందా అని అడిగారు, లేదన్నాను. "డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలేవా బాబూ? నేను రెండు నెలలకోసారి వదిలేవాణ్ణి, పుస్తకంలో ఉంటుంది చూడు" అన్నారు. చూస్తే నిజంగానే ఉంది, ప్రతి రెండో నెలా "ఫి. నీ." అని చిన్న అక్షరాలతో. నేను దాన్ని ఫీజు ఏదో అనుకుని వదిలేశాను. ఆదివారం పొద్దున్నే కింద గ్లాసు పెట్టి మర తిప్పాను. ఒక చెంచాడు నీళ్లు వచ్చాయి, వెనకాలే శుభ్రమైన డీజిల్. మర బిగించి, చేతులు కడుక్కుని, పుస్తకంలో తేదీ వేసి ఆయన రాసినట్టే రాశాను, ఫి. నీ.